8 ఓమ్‌ల ట్యాంకు మీటర్‌లో ఒక్క ఓమ్ కూడా చూపించదేం? పాత స్ప్రింగ్ రివర్బ్, ఇంపెడెన్స్ తికమక

పాడైపోయిన గిటార్ యాంప్‌లోంచో, ఎవరో వదిలించుకున్న ఎలక్ట్రిక్ ఆర్గన్‌లోంచో ఊడదీసిన స్ప్రింగ్ రివర్బ్ ట్యాంకు (శబ్దానికి పెద్ద హాల్లో మోగినట్టు ప్రతిధ్వని తెచ్చే స్ప్రింగుల పెట్టె) ఒకటి చేతికొస్తుంది. అమ్మినతను "ఇన్‌పుట్ 8 ఓమ్స్, అవుట్‌పుట్ 2,250" అన్నాడు. ఇంటికి తెచ్చి మల్టీమీటర్ పెడితే ఇటువైపు 0.8 చూపిస్తుంది, అటువైపు 200 దగ్గర ఆగుతుంది. ఏ అంకే కలవలేదు కాబట్టి కాయిల్ షార్ట్ అయిందేమోనని టెన్షన్. అలా అనుకుని బాగున్న ట్యాంకుని అటక మీద పడేసేవాళ్లు ఉంటారు. ఇంకో రకం వాళ్లు "8 ఓమ్సే కదా, స్పీకర్ లాంటిదే" అని నేరుగా స్పీకర్ వైర్లు తగిలించి, నిజంగానే కాల్చేస్తారు.

మొదటి ట్యాంకుకి ఏ జబ్బూ లేదు. గొడవంతా "ఇంపెడెన్స్", "మ్యాచింగ్" అనే రెండు మాటల దగ్గరే ఉంది. అందులో రెండోది మరీ మాయదారిది, ఒకే ట్యాంకుకి ఇటువైపు దాని అర్థం ఒకటి, అటువైపు ఇంకొకటి.

పెట్టెలో ఉన్నదేమిటి

ఒక రేకు పెట్టె, లోపల రెండో మూడో సన్నటి స్ప్రింగులు (కొన్నిట్లో రెండేసి ముక్కలు కలిపి ఒకటిగా చేస్తారు). ఒక చివర కాయిల్ చుట్టిన ఇనుప కోర్, ఆ కోర్ సందులో స్ప్రింగు కొసకి అతికించిన బుల్లి అయస్కాంతం. కాయిల్‌లో కరెంటు పారితే అయస్కాంతం మెలి తిరుగుతుంది, ఆ మెలిక స్ప్రింగు పొడవునా పాకి రెండో చివరకి చేరుతుంది, అక్కడ ఇంకో అయస్కాంతం కదిలి ఇంకో కాయిల్‌లో చిటికెడు వోల్టేజి పుట్టిస్తుంది. పొడవాటి ట్యాంకుల్లో ఒక్క ప్రయాణానికి సుమారు 30 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడితో అయిపోదు, మెలిక వెనక్కి తిరిగొచ్చి మళ్లీ ముందుకెళ్లి అలా రెండు మూడు సెకన్ల పాటు కొట్టుకుంటూనే ఉంటుంది, మన చెవికి అదే పెద్ద హాల్లో పాడినట్టు వినిపిస్తుంది.

దీని పుట్టుక సంగీతంలో కాదు. దూరపు టెలిఫోన్ లైన్లలో మాట ఆలస్యంగా చేరడాన్ని ల్యాబ్‌లో తెప్పించడానికి బెల్ ల్యాబ్స్ వాళ్లు స్ప్రింగులు వాడారు. 1935లో ఎలక్ట్రిక్ ఆర్గన్ తెచ్చిన లారెన్స్ హామండ్ దాన్ని తన వాయిద్యంలోకి లాక్కొచ్చాడు, చర్చిలో మోగినట్టు ఇంటి హాల్లో ఆర్గన్ మోగదు కదా. గిటార్ వైపు ఫెండర్ కంపెనీ 1961లో విడి రివర్బ్ యూనిట్‌నీ, 1963లో రివర్బ్‌ని లోపలే పెట్టిన వైబ్రోవెర్బ్ యాంప్‌నీ తెచ్చింది. ఈ రోజు పాత సామాన్లలో దొరికే ట్యాంకుల్లో ఎక్కువ భాగం ఈ రెండు వంశాలవే: హామండ్ అనుబంధ సంస్థగా మొదలై తర్వాత ఆక్యుట్రానిక్స్ పేరుతో స్థిరపడినవి, లేదంటే విస్కాన్సిన్‌లోని మిల్టన్‌లో ఓసీ ఎలక్ట్రానిక్స్ చేసినవి. రెండో కంపెనీ లేబుల్ మీద "మిల్టన్ ఊరి అందమైన అమ్మాయిలు తయారు చేశారు" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది, ఆ కాలపు చమత్కారం అది.

మీటర్ కొలిచేది ఒకటి, లేబుల్ చెప్పేది ఒకటి

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, రెసిస్టెన్స్‌ని నిరోధం అనీ ఇంపెడెన్స్‌ని అవరోధం అనీ నేర్పారు. మల్టీమీటర్ ఓమ్స్ రేంజ్‌లో కాయిల్‌లోకి డీసీ పంపుతుంది, కాబట్టి అది చూపించేది రాగి తీగ నిరోధం ఒక్కటే. పాట డీసీ కాదు, ఏసీ. ఏసీ పారేటప్పుడు కాయిల్ అదనంగా అడ్డుపడుతుంది, ఆ అడ్డు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. ఈ రెండూ కలిసిన మొత్తమే ఇంపెడెన్స్. ట్యాంకు లేబుల్ మీది 8 ఓమ్స్ అనే అంకె 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచినది. 5 కిలోహెర్ట్జ్ దగ్గర అదే కాయిల్ దాదాపు 40 ఓమ్స్ అవుతుంది, బాస్ వైపు పోతే ఒకటి రెండు ఓమ్స్‌కి పడిపోతుంది. అంటే లేబుల్ మీది అంకె ఒక కొండ గుర్తు మాత్రమే.

పొడవాటి "టైప్ 4" ట్యాంకుల్లో ఇన్‌పుట్ కాయిల్స్ ఆరు రకాలు: 8, 150, 200, 250, 600, 1,475 ఓమ్స్. వాటిని వరుసగా ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అంటారు. మీటర్‌లో ఇవి సుమారు 0.8, 26, 27, 36, 58, 200 ఓమ్స్ చూపిస్తాయి. అవుట్‌పుట్ మూడే రకాలు: ఏ అంటే 500, బీ అంటే 2,250, సీ అంటే 10,000, మీటర్‌లో సుమారు 42, 200, 800. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. 150, 200 రకాలు మీటర్‌కి ఒకేలా కనిపిస్తాయి. 1,475 ఇన్‌పుట్, 2,250 అవుట్‌పుట్ రెండూ 200 దగ్గరే నిలుస్తాయి. పొట్టి "టైప్ 8" ట్యాంకుల్లో అక్షరాలు ఇవే గానీ అంకెలు కాస్త పైన ఉంటాయి (8 బదులు 10, 600 బదులు 800), వాటి గురించి బెంగ అక్కర్లేదు.

ఫెండర్ యాంపుల్లో ఉండే ట్యాంకు కోడ్ 4ఏబీ3సీ1బీ. 4 అంటే పొడవాటి రకం, ఏ ఇన్‌పుట్ 8 ఓమ్స్, బీ అవుట్‌పుట్ 2,250, 3 అంటే మోత ఎక్కువసేపు నిలిచేది, తర్వాతి సీ ఎర్త్ సంగతి, 1 అంటే స్ప్రింగులకి లాక్ లేదు, చివరి బీ పెట్టెని తెరిచిన వైపు కిందికి పెట్టాలని. ఎర్త్ అక్షరాన్ని చాలామంది వదిలేస్తారు, అది ఎంత ఏడిపిస్తుందో తర్వాత చూద్దాం.

"మ్యాచింగ్" అంటే ఎవరి లెక్క వాళ్లది

వాల్వ్ (పాతకాలపు వాక్యూమ్ ట్యూబ్) యాంప్ రిపేరు చేసేవాళ్లకి మ్యాచింగ్ అంటే ట్రాన్స్‌ఫార్మర్. వాల్వ్‌కి వేల ఓమ్స్ లోడ్ కావాలి, కాయిల్ చూస్తే 8 ఓమ్స్, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి రాజీ కుదురుస్తారు. స్టూడియో వాళ్లకి ఆ మాటకి దాదాపు వ్యతిరేక అర్థం: ముందున్న పరికరం ఇంపెడెన్స్ తక్కువగా, తర్వాతిది పది రెట్లకి పైగా ఉంటే చాలు. మూడో వర్గం ట్రాన్సిస్టర్లూ ఐసీలతో పనిచేసేవాళ్లు, "అసలు మ్యాచింగ్ గోల వదిలేయండి, కాయిల్‌కి కావాల్సింది కరెంటు" అంటారు.

ముగ్గురూ నిజమే చెప్తున్నారు, ట్యాంకులో ఒక్కో చోటుని చూసి చెప్తున్నారంతే. అయస్కాంతాన్ని తిప్పేది కరెంటు ఇంటూ చుట్లు. సన్న తీగతో ఎక్కువ చుట్లు చుడితే తక్కువ కరెంటు చాలు, మందపు తీగతో తక్కువ చుట్లు చుడితే ఎక్కువ కరెంటు పొయ్యాలి. చుట్లు రెట్టింపైతే ఇంపెడెన్స్ నాలుగింతలవుతుంది. అందుకే తయారీదారు ఇచ్చే కరెంటు అంకెలు ఇలా దిగుతాయి: 8 ఓమ్స్‌కి 28 మిల్లీఆంప్స్, 150కి 6.5, 200కి 5.8, 250కి 5, 600కి 3.1, 1,475కి 2.

ఈ జంటల్లో దేన్నైనా తీసుకుని కరెంటు వర్గాన్ని ఇంపెడెన్స్‌తో గుణిస్తే ఒకటే జవాబు వస్తుంది, సుమారు 6 మిల్లీవోల్ట్-ఆంప్స్. నాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే. ఆరు ట్యాంకులూ స్ప్రింగుకి పెట్టే తిండి ఒకటే, కొన్నిటికి గ్లాసులో కావాలి, కొన్నిటికి చెంచాతో కావాలి.

తప్పు జోడీ కడితే ఎంత నష్టం

ఫెండర్ పద్ధతిలో 12ఏటీ7 వాల్వ్‌లోని రెండు సగాలనీ కలిపి, ఒక ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 8 ఓమ్స్ ట్యాంకుని నడుపుతారు. 28 మిల్లీఆంప్స్ ఇంటూ 8 ఓమ్స్ అంటే 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.224 వోల్టులు. అదే చోట ఆర్గన్‌లోంచి తీసిన 1,475 ఓమ్స్ ట్యాంకు పెట్టామనుకోండి, 0.224ని 1,475తో భాగిస్తే 0.15 మిల్లీఆంప్స్, కావాల్సినవి 2. పదమూడో వంతు, అంటే సుమారు 22 డెసిబెల్స్ తక్కువ. లోడ్ తేలికైనందుకు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి కాస్త పెరుగుతుంది గానీ దాంతో పూడేది కాదు. రివర్బ్ నాబ్ చివరిదాకా తిప్పినా ఎక్కడో పక్క వీధిలో వాయిస్తున్నట్టుంటుంది.

ఇప్పుడు తిరగేద్దాం. కొన్ని వాల్వ్ యాంపుల్లో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్ ద్వారా నేరుగా 1,475 ఓమ్స్ ట్యాంకుని నడుపుతారు. అక్కడ 8 ఓమ్స్ ట్యాంకు పెడితే వచ్చే 2 మిల్లీఆంప్స్‌తోనే అది బతకాలి, కావాల్సినవి 28. మళ్లీ పద్నాలుగో వంతే, 23 డెసిబెల్స్. ఏదీ కాలదు, ఏదీ పేలదు, ఊరికే సన్నగా వినిపిస్తుంది. అందుకే ఇలాంటి కేసుల్లో జనం ట్యాంకునో వాల్వ్‌నో అనుమానిస్తారు తప్ప జోడీని అనుమానించరు.

పక్కపక్క రకాలైతే మాత్రం ఇంత గొడవ లేదు. 250 ఓమ్స్ చోట 200 పెడితే తేడా ఒక డెసిబెల్ చిల్లర, నాబ్‌తో సర్దుకోవచ్చు. 600 చోట 1,475 పెడితే నాలుగు డెసిబెల్స్ అటూ ఇటూ. "కోడ్‌లో అక్షరం మారితే యాంప్ పోతుంది" అని భయపెట్టేవాళ్ల మాట ఇక్కడ నిలవదు.

నిజంగా నష్టం జరిగేది స్పీకర్ వైర్ల దగ్గర. 20 వాట్ల యాంప్ 8 ఓమ్స్‌కి ఇచ్చేది సుమారు 12.6 వోల్టులు. అది నేరుగా ట్యాంకుకి తగిలితే కరెంటు ఒకటిన్నర ఆంప్స్ దాటుతుంది, కావాల్సినదానికి 56 రెట్లు, అంత చిన్న కాయిల్‌కి. అదే లైన్‌లో సిరీస్‌గా 470 ఓమ్స్ రెసిస్టర్ ఉంటే కరెంటు 27 మిల్లీఆంప్స్ దగ్గర ఆగుతుంది, రెసిస్టర్‌లో పుట్టే వేడి అర వాట్ లోపే. (వాల్వ్ యాంప్ అయితే దాని స్పీకర్ ఎలాగూ తగిలే ఉండాలి, ఈ ట్యాంకు దానికి లోడ్ కింద లెక్క రాదు.)

ట్రెబుల్ దగ్గర అసలు పరీక్ష

ఇందాక అనుకున్నట్టు ఫ్రీక్వెన్సీ ఐదింతలైతే ఇంపెడెన్స్ కూడా ఐదింతలు. వోల్టేజి మార్చకుండా ఉంచితే 5 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు ఐదో వంతుకి, అంటే 14 డెసిబెల్స్ కిందికి జారుతుంది. శబ్దం దుప్పటి కప్పినట్టు మందగిస్తుంది. బాస్ వైపు ఉల్టా, కరెంటు వరదలా పారి కోర్ ఇక పట్టనంతగా అయస్కాంతత్వంతో నిండిపోతుంది, స్ప్రింగులు బురబురలాడతాయి. ఫెండర్ వాళ్లు దీనికి చేసిన ఉపాయం చాలా చౌకైనది: డ్రైవర్ వాల్వ్ ముందు 500 పికోఫారడ్ కెపాసిటర్, 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టి సుమారు 318 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మెల్లగా కోసేశారు.

ఐసీ వాళ్ల లెక్క చూద్దాం. 600 ఓమ్స్ ట్యాంకుకి 5 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా అదే 3.1 మిల్లీఆంప్స్ ఇవ్వాలంటే 9.3 వోల్టులు కావాలి, శిఖరం దగ్గర 13 వోల్టులు. ప్లస్, మైనస్ 15 వోల్టుల మీద నడిచే మామూలు ఆప్-యాంప్‌కి (సిగ్నల్‌ని పెంచే చిన్న ఐసీ) ఇది అంచు దాకా వచ్చి సరిపోయే అంకె. ఆప్-యాంప్ సర్క్యూట్లకి 600 రకం అంతగా కుదరడానికి కారణం ఇదే. 1,475 రకానికి అదే చోట దాదాపు 21 వోల్టుల శిఖరం కావాలి, 15 వోల్టుల సప్లైలో అది దొరకదు. 8 ఓమ్స్ రకానికి వోల్టేజి ఒకటింపావు కూడా అక్కర్లేదు గానీ శిఖరం దగ్గర 40 మిల్లీఆంప్స్ కావాలి, అది చిన్న ఆప్-యాంప్ వల్ల కాదు.

అక్కడే ఎల్‌ఎం386 లాంటి బుల్లి స్పీకర్ ఐసీ పనికొస్తుంది, కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరికే సరుకే. దాని అవుట్‌పుట్ కెపాసిటర్ తర్వాత 47 ఓమ్స్ రెసిస్టర్ సిరీస్‌లో ఉంటే 1 కిలోహెర్ట్జ్ దగ్గర మొత్తం అడ్డు సుమారు 48 ఓమ్స్, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 62. పడిపోయేది 14 డెసిబెల్స్ బదులు రెండే. రూపాయి రెసిస్టర్ చేసిన మేలు ఇది. కొద్దిగా వోల్టేజి వృథా అవుతుంది, అయితే అవనీ. పాత ట్రాన్సిస్టర్ రేడియోలోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో కూడా ఇదే పని నడుస్తుంది. దాని నిష్పత్తి 600కి 8 ఓమ్స్ అయితే చుట్ల లెక్కలో 8.7కి ఒకటి, 28ని దానితో భాగిస్తే 3.2 మిల్లీఆంప్స్, అచ్చం 600 రకం ట్యాంకు అడిగేంత.

అవుట్‌పుట్ వైపు మ్యాచ్ చేస్తేనే చెడుతుంది

ఇక్కడ స్టూడియో వాళ్ల అర్థమే నెగ్గుతుంది. అవుట్‌పుట్ కాయిల్ ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. "2,250 ఓమ్స్ కాబట్టి 2,250 ఓమ్స్ లోడ్ పెడదాం" అని ఎవరైనా అంటే, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పోతాయి, 5 కిలోహెర్ట్జ్ దగ్గర కాయిల్ 11,000 ఓమ్స్ దాటి ఉంటుంది కాబట్టి ఏకంగా 14 డెసిబెల్స్ పోతాయి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ లాంటి 10 కిలోఓమ్స్ లోడ్‌లో ఆ చివర మూడున్నర. ఫెండర్ తన యాంపుల్లో పెట్టిన 220 కిలోఓమ్స్‌లో నష్టం లెక్కలోకే రాదు.

ఆ వైపు రకం మారితే పెద్ద ఉపద్రవమేమీ ఉండదు. 2,250 బదులు 10,000 వస్తే ఆరున్నర డెసిబెల్స్ ఎక్కువ, 500 వస్తే అంతే తక్కువ. కేబుల్ కెపాసిటెన్స్ మాత్రం కాయిల్‌తో కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దాన్ని పైకెత్తుతుంది. 2,250 రకానికి 500 పికోఫారడ్ కేబుల్ తగిలితే ఆ ఎత్తు సుమారు 12 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది, స్ప్రింగులు అంతదాకా పలకనే పలకవు కాబట్టి మనకి తెలియదు. కావాలనే 2.2 నానోఫారడ్ కెపాసిటర్‌ని కాయిల్‌కి అడ్డంగా పెట్టి దాన్ని ఐదున్నర కిలోహెర్ట్జ్ దగ్గరికి దించి, మెరుపు తెప్పించేవాళ్లు ఉన్నారు. మోసమే గానీ వినడానికి బాగుంటుంది.

ఎర్త్ అక్షరం

కోడ్‌లో ఐదో స్థానం. ఏ అంటే రెండు సాకెట్లూ రేకు పెట్టెకి కలిసి ఉన్నాయి, బీ అంటే ఇన్‌పుట్ మాత్రమే, సీ అంటే అవుట్‌పుట్ మాత్రమే, డీ అంటే రెండూ విడిగా. ట్రాన్స్‌ఫార్మర్ సర్క్యూట్‌లో ఇది తప్పితే మహా అయితే హమ్ వస్తుంది. కరెంటు డ్రైవ్ సర్క్యూట్‌లో (కాయిల్‌కి వోల్టేజి బదులు కరెంటుని మారకుండా ఇచ్చేది) మాత్రం పనే జరగదు. అందులో కాయిల్‌ని ఆప్-యాంప్ ఫీడ్‌బ్యాక్ దారిలో పెట్టి, కాయిల్ కింది కొస నుంచి ఎర్త్‌కి ఒక రెసిస్టర్ వేస్తారు. 1 వోల్టు సిగ్నల్‌కి 3.1 మిల్లీఆంప్స్ కావాలంటే ఆ రెసిస్టర్ సుమారు 330 ఓమ్స్. ఏ లేదా బీ ట్యాంకు తగిలిస్తే కాయిల్ కింది కొస పెట్టె గుండా నేరుగా ఎర్త్‌కి పోతుంది, రెసిస్టర్ ఉన్నా లేనట్టే. సర్క్యూట్ తప్పని మూడు రాత్రులు పీకి మళ్లీ కట్టాక, తప్పు సాకెట్ కింద వాషర్‌లో ఉందని తేలితే వచ్చే కోపం వర్ణించలేం, స్వానుభవం.

ఏది "అసలు" శబ్దం అన్న పంచాయితీ

ట్రాన్స్‌ఫార్మర్ పక్షం వాదన కొట్టిపారేయదగినది కాదు. డిక్ డేల్ లాంటి సర్ఫ్ (1960ల అమెరికన్ గిటార్ బాణీ) గిటారిస్టుల రికార్డుల్లో టపటపా నీళ్లు చిమ్మినట్టుండే ఆ శబ్దం శుభ్రమైన డ్రైవ్‌తో రాదు. వాల్వ్ తడబడటం, కోర్ నిండిపోవడం, బాస్ కోసేయడం అన్నీ అందులో కలిసి ఉన్నాయి. కరెంటు డ్రైవ్ పక్షం చెప్పేది వేరు: స్ప్రింగు ఇచ్చేది పూర్తిగా బయటికి తీయండి, రంగు తర్వాత వేసుకోవచ్చు. గాత్రానికీ కీబోర్డుకీ వాడేవాళ్లకి ఈ దారి హాయిగా ఉంటుంది. మూడో పక్షం "ఎందుకొచ్చిన లెక్కలు, సరైన కోడ్ ఉన్న కొత్త ట్యాంకు కొనుక్కోండి" అంటుంది. ఆక్యుట్రానిక్స్ పేరు ఇప్పుడు కొరియా కంపెనీ బెల్టన్ చేతిలో ఉంది, పాత కోడ్‌లే నడుస్తున్నాయి, కాబట్టి అదీ న్యాయమైన మాటే. యాంప్ ముఖ్యమైతే ట్యాంకు మార్చడం తేలిక, ట్యాంకు మీద మనసుపడితే డ్రైవర్ మార్చడం తప్పదు అని నా ఉద్దేశం.

లేబుల్ చిరిగిపోయిన ట్యాంకు

కోడ్ కనిపించకపోతే డీసీ కొలత సగం కథ చెప్తుంది, మిగతా సగం 1 కిలోహెర్ట్జ్ టోన్ చెప్తుంది. ఫోన్ యాప్‌తో వచ్చే టోన్‌ని 1,000 ఓమ్స్ రెసిస్టర్, కాయిల్ సిరీస్‌గా కట్టి పంపారనుకుందాం. రెసిస్టర్ మీద 0.30 వోల్టులు, కాయిల్ మీద 0.18 కనిపించాయి. రెండిట్లో పారేది ఒకే కరెంటు కాబట్టి 0.18ని 0.30తో భాగించి వెయ్యితో గుణిస్తే 600 ఓమ్స్. చవక మీటర్లు 1 కిలోహెర్ట్జ్ దగ్గర వోల్టేజి తప్పుగా చూపించొచ్చు, కానీ రెండిటినీ ఒకే తప్పుతో చూపిస్తాయి, భాగించినప్పుడు ఆ తప్పు ఎగిరిపోతుంది. 8 ఓమ్స్ అనుమానమైతే రెసిస్టర్ 10 ఓమ్స్ ఉండాలి, లేకపోతే కాయిల్ మీద అంకె కనిపించనంత చిన్నదవుతుంది.

ఇక రెండు సాకెట్లలోనూ 200 చూపించే ట్యాంకు. ఇది 1,475 ఇన్‌పుట్, 2,250 అవుట్‌పుట్ రకం అయ్యుండాలి, ఏది ఏదో పెట్టె మీద రాసి లేదు. 2,250 కాయిల్‌నే ఇన్‌పుట్ అనుకుని 2 మిల్లీఆంప్స్ పంపితే దానికి కావాల్సిన 1.7 కంటే కాస్త ఎక్కువే అందుతుంది, ఒకటిన్నర డెసిబెల్స్ లాభం. అవతల 1,475 కాయిల్ చుట్లు తక్కువ కాబట్టి అక్కడ రెండు డెసిబెల్స్ లోపు నష్టం. రెండు చివర్ల కోర్లూ ఒకేలా ఉన్నాయనుకుంటే లాభం, నష్టం చెల్లుకి చెల్లు. ఆ ట్యాంకుని ఎటు తిప్పి పెట్టినా పలుకుతుంది, ఎర్త్ ఏ వైపు ఉందో చూసుకుంటే చాలు.